టీవీ అత్తగారికి బల్ల ఆగిన నెల

మా దీవిలో, మిన్నీ బే అనే పేటలో, మా పక్కింటి అత్తాకోడళ్ళకి గొడవలేం లేవు. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఆ నెలలో చాలా తక్కువమందిమి. విశాఖపట్నం నుంచి మస్కట్ దాకా చేతిలో ఫోను ఉన్న తెలుగువాళ్ళందరూ ఆ ఇంట్లో పొద్దున లేస్తే కొట్టుకు చస్తున్నారనే నమ్మారు. అలా నమ్మించే పని ఆ ఇద్దరూ కలిసి, ఎంతో సఖ్యంగా, రోజూ చేసుకునేవారు.

అత్తగారు చాలా ఏళ్ళు పడవ టికెట్ల కౌంటరులో పనిచేసి రిటైరైన మనిషి. అద్దానికి ఉన్న చిన్న కన్నంలోంచి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఒక స్థాయిలో స్థిరపడిపోయింది. ఇంట్లో అద్దం లేదు కదా అని అది తగ్గలేదు. "కాస్త ఆ ఉప్పు అందుకో" అన్నా క్యూలోకి వెళ్ళి నిలబడమన్నట్టే వినిపిస్తుంది. కోడలు ఫెరార్గంజ్ పిల్ల. వాళ్ళ నాన్నకి అక్కడ రోడ్డు పక్కనే కూరగాయల తోట ఉంది. ఆ పిల్ల బాగా పాడుతుంది. ఆమె భర్త, అంటే అత్తగారి ఒక్కగానొక్క కొడుకు, చాతం నుంచి బంబూఫ్లాట్‌కి బండ్లు దాటించే ఫెర్రీలో పనిచేస్తాడు. నేను దినపత్రికలో వార్తలు రాసుకుంటూ ఆ ఇంటి పక్కనే చాలాకాలంగా ఉంటున్నాను. అత్తగారు నన్ను తమ్ముడూ అంటుంది, కోడలు అంకుల్ అంటుంది.

హైదరాబాదులో ఒక టీవీ చానెల్ వాళ్ళు అత్తాకోడళ్ళ జంటలను ఒకే ఇంట్లో పెట్టి, వంటలు చేయించి, ఆటలు ఆడించి, వారానికొక జంటను ఇంటికి పంపించే పోటీ ఒకటి పెట్టారు. కోడలు తీరిగ్గా పాడుకున్న పాట ఒకటి ఫోనులో పెడితే అది చూసి వీళ్ళని పిలిచారు. దీవుల నుంచి వచ్చిన జంట అని వాళ్ళకి ముచ్చట. మొదటిరోజే ఒక కుర్రాడు వచ్చి, ఆకులు కట్టుకుని ఏదైనా డాన్స్ చేస్తారా అని అడిగాడట. "మేం చీరలే కట్టుకుంటాం బాబూ. శ్రీకాకుళం నుంచి మా తాత తెచ్చిన అలవాటు" అని అత్తగారు చెప్పిందట.

తొందరగానే ఇంటికి పంపించేశారు. అయితే ఉన్న ఆ కొద్దిరోజుల్లోనే అత్తగారు తెలుగు రాష్ట్రాలకు సరిపడా దుర్మార్గురాలైపోయింది. ఆమె ఒక మధ్యాహ్నం తన మామూలు గొంతుతో "ఇందులో ఉప్పు లేదు" అంది. ఇంకోరోజు ఇంకో కూరకి ఉల్లిపాయలు కోస్తూ కోడలు కళ్ళు తుడుచుకుంది. చానెల్ వాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన అతికించి, మధ్యలో వీణ ఏడుపు పెట్టారు. కోడలు పాడిన పాట మాత్రం టీవీలో రాలేదు. టైము చాలలేదన్నారు. ఉల్లిపాయలకి చాలింది.

వాళ్ళు తిరిగొచ్చాక చానెల్ నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. ఫైనల్ అయ్యేదాకా ఇద్దరూ కలిసున్నట్టు ఎక్కడా కనిపించకూడదు. గొడవ నడుస్తున్నట్టు తమ పేజీలో వీడియోలు పెడుతూ ఉండాలి. ఫైనల్‌కి మళ్ళీ పిలిచి, స్టేజీ మీద ఇద్దరినీ కలుపుతారు, అత్త కోడల్ని కౌగిలించుకుంటుంది, అప్పుడు కోడలు పాడుతుంది. ఈసారి పూర్తి పాట. కోడలు ఆ చివరి మాట పట్టుకుంది. కోడలు పట్టుకుంది కాబట్టి అత్తగారూ పట్టుకుంది.

అలా మొదలైంది. మాకిక్కడ పెందరాళే చీకటి పడిపోతుంది కనుక మధ్యాహ్నం ఎండ ఉండగానే తగువు వీడియో తీసుకునేవారు. అలవాటు లేక మొదట్లో ఒకసారి సాయంత్రం ఐదు దాటాక తీస్తే, వెనక అంతా చీకటిగా ఉందని, వీళ్ళు అర్ధరాత్రి తీసి సాయంత్రమని అబద్ధం చెబుతున్నారని జనం తిట్టారు. వీళ్ళు చెప్పే అబద్ధాలన్నిట్లోకీ వాళ్ళు పట్టుకున్నది ఆ ఒక్క నిజాన్ని. గోడకి ఇవతల కూర్చుంటే వాళ్ళ ఏర్పాట్లన్నీ నాకు వినిపించేవి.

"ఈరోజు దేని మీద అత్తమ్మా?"

"నిన్న చేపల పులుసు అయింది కదా. ఈరోజు నిద్ర మీద పెట్టు. ఎండ నెత్తిమీదకొచ్చినా లేవదు అంటాను."

"నేను మీకంటే ముందే లేస్తాను కదా."

"అందుకే మరి. ముందు లేచేదాన్ని ముందు లేచిందని తిడితే ఎవరు చూస్తారు?"

కొడుకు డ్యూటీ దిగొచ్చి ఆ యూనిఫారంలోనే ఫోను పట్టుకుని నిలబడేవాడు. "అమ్మా, జల్దీ జల్దీ. లైట్ జా రహా హై. నాకు ఆకలేస్తంది."

తర్వాత అత్తగారి గొంతు లేచేది. మా ఇంట్లో గిన్నెలు చిన్నగా మోగేవి. కోడలు తల దించుకుని, కొంగు కళ్ళకి అద్దుకునేది. అయిపోగానే ముగ్గురూ సుర్మై చేప ముక్కల వేపుడు ముందేసుకుని ఒకే పళ్ళెంలో తినేవారు. నన్ను కూడా పిలిచేవారు.

ఆ వీడియోల కింద జనం రాసేవి చదవడం ఇంకో పని. ఇక్కడ పుట్టిన ఈ కాలం పిల్లలందరిలాగే కోడలు తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ, చదవమంటే అక్షరం అక్షరం తడుముకుంటుంది. చదువంతా హిందీలో అయింది. అత్తగారికి బైబిలు, కీర్తనల పుస్తకం పుణ్యమా అని తెలుగు బాగా వచ్చు. అందువల్ల తన మీద పడ్డ తిట్లన్నీ ఆమే చదివి ఇంటిల్లిపాదికీ వినిపించాల్సి వచ్చేది.

"ఇది విను. 'ఈ ముసలిదాన్ని పడవెక్కించి నడిసముద్రంలో దింపీయాలి.' టికెట్టు లేకుండా ఎక్కించీస్తాడట, మొహం చూడు."

జవాబులు రాయాలన్నా అంతే. కోడలికి రాయడం రాదు కాబట్టి కోడలి పేరు మీద అత్తగారే రాసేది. మా అత్త సంగతి మీకేం తెలుసు, రోజూ కుమిలిపోతున్నాను, మీరే నాకు అక్కలూ చెల్లెళ్ళూ అని తన మీద తనే చాడీలు చెప్పుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, నిన్ను నువ్వే తిట్టుకోవడమేంటి?"

"పిల్ల రాస్తే ఎవడికీ అర్థం కాదు తమ్ముడూ. తిట్టినా శుభ్రంగా తిట్టాలి."

ఇలా నవ్వుకుంటూ ఫైనల్ దాకా వెళ్ళిపోయేవారే. మధ్యలో బల్ల ఆదివారం వచ్చింది.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ఒక రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. దానికి ముందు మా దగ్గర ఒక పాత ఆచారం ఉంది. ఇద్దరి మధ్య మాటల్లేకపోతే ఆ ఇద్దరూ అందరి ముందూ లేచి చేతులు కలపాలి. అప్పుడే రొట్టె. కలపనివాళ్ళు బెంచీ మీదే కూర్చోవాలి. తాతల కాలంలో ఒడ్డు దిగినవాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. ఇంత చిన్న దీవిలో అలిగి ఎక్కడికి పోతారన్నది వాళ్ళ ఆలోచన. పనసచెట్టు కొమ్మ గోడ దాటిందని అన్నదమ్ములిద్దరు విరోధం పెట్టుకుని, నెలనెలా బల్ల రోజున చేతులు కలిపి, సోమవారం పొద్దున మళ్ళీ మొదలుపెట్టడం నేను చాలాకాలం చూశాను.

అత్తగారికి ఈ బల్లంటే ప్రాణం. శనివారం సాయంత్రం రొట్టె కోసేది ఆమే, గ్లాసులు సర్దేది ఆమే. నెల తప్పకుండా ఆ ముక్క అందుకోవడం ఆమెకి ఎంత ముఖ్యమో సంఘంలో అందరికీ తెలుసు.

గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు శుక్రవారం వాళ్ళింటికి వచ్చారు. వీడియోలన్నీ ఆయన భార్య ఫోనులో చూశారట. నన్ను కూడా కూర్చోమన్నారు.

"అమ్మా, మీరిద్దరూ సమాధానపడేదాకా బల్లకి రాకూడదమ్మా" అన్నారు, టీ కప్పు చేతిలో పట్టుకుని, కష్టంగా.

"గొడవుంటే కదా అయ్యగారూ సమాధానపడ్డానికి."

"మరి ఆ వీడియోలు?"

"ఉత్తివి."

"ఉత్తివంటే, అబద్ధాలా?"

అత్తగారు ఖాళీ కప్పులు సర్దడం మొదలుపెట్టింది. ఎన్ని తుఫానులొచ్చి పడవలు రద్దయినా కిటికీ ముందు జనానికి జవాబు చెప్పిన మనిషి.

"గొడవైతే చేతులు కలపాలి. అబద్ధమైతే ఒప్పుకోవాలి. రెండూ కాదంటే నేనేం చెయ్యనమ్మా?"

కోడలు అందుకుంది. "అయ్యగారూ, ప్లీజ్. ఫైనల్ అయ్యేదాకా ఆగండి. వచ్చే నెల మీరు ఏది చెప్పమంటే అది చెప్పీస్తాం."

"పోనీ చేతులు కలుపుతాం" అంది అత్తగారు. "లేని గొడవకి కలపడమే కదా. ఆ ఒక్క ఆదివారం లైవ్ ఆపించండి."

అప్పుడు పాస్టరుగారు కొంచెం కదిలారు. మా ఆరాధన ప్రతి వారం ఫోనులో లైవ్ వస్తుంది. దాన్ని ఎక్కువగా చూసేది ఆయన వాళ్ళ అమ్మ, ఊళ్ళో ఆయన బంధువులు. "లైవ్ ఆపితే బాగోదమ్మా. నలుగురికీ సాక్ష్యంగా ఉంటుంది" అన్నారు. ఆ నలుగురూ ఈసారి నాలుగువేల మంది అవుతారన్న ఆశ ఆయన మొహంలో కనిపించింది. తప్పేం కాదు, పత్రికలో పనిచేసేవాణ్ణి, నాకూ ఆ జబ్బు తెలుసు. చానెల్ వాళ్ళకి ఆ కౌగిలింత తమ స్టేజీ మీద కావాలి. అయ్యగారికి తన లైవ్‌లో కావాలి. ఇద్దరికీ ఒక్కటే ఇబ్బంది. కలపడానికి విడిపోయినవాళ్ళు లేరు.

ఆయన వెళ్ళాక అత్తగారు చాలాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. "మా వాడు పుట్టిన నెల తప్ప నేను బల్ల తప్పింది లేదు తమ్ముడూ" అంది. మళ్ళీ తనే కోడలి వైపు తిరిగి, "ఏం పర్లేదు. ఈ నెలకి నేను వెనక కూర్చుంటాను. ఫైనల్లో నువ్వు పాడు" అంది. అది ఒప్పందం.

ఆదివారం ఇద్దరూ వెనక బెంచీలో కూర్చున్నారు. కొడుకు ఫెర్రీ డ్యూటీలో ఉన్నాడు. పాత మీటింగుల అలవాటు కొద్దీ నేను ఎక్కడైనా తలుపు పక్కనే కూర్చుంటాను, కాబట్టి వాళ్ళ వెనకే ఉన్నాను. రొట్టె ఆ వారం ఇంకెవరో కోశారు. ఒక్కో ముక్క పకోడీ అంత ఉంది. అత్తగారు అది దూరం నుంచే చూసి పెదవి విరిచింది, ఏమీ అనలేదు.

కీర్తన అయ్యాక, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టే ముందు, పక్క బెంచీలోని పెద్దావిడ ఒకామె కోడలి వైపు వంగి, తల మీద చెయ్యి వేసింది. గుసగుసే, కానీ చెవి మందగించిన వాళ్ళ గుసగుస. "ఎలా ఓర్చుకుంటున్నావమ్మా ఈ రాక్షసితో."

కోడలు తల దించుకుంది. కొంగు తీసి కళ్ళకి అద్దుకుంది.

అత్తగారు అది చూసింది. ఫోనులో వేలమంది తిడితే నవ్విన మనిషి మొహం నల్లబడిపోయింది. లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్క నిమిషం."

మైకు అక్కర్లేదని అందరికీ తెలుసు.

"నాకూ నా కోడలికీ ఏ గొడవా లేదు. టీవీ వాళ్ళు చెయ్యమంటే వీడియోల కోసం తిట్టుకున్నాం. ఆ పిల్ల పేరు మీద నన్ను తిడుతూ రాసింది కూడా నేనే. దేవుడికీ మీకూ అందరికీ అబద్ధం చెప్పాను. క్షమించండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పక్క బెంచీ పెద్దావిడ కొంచెం నిరాశగా అడిగింది. "అయితే ఆ చేపల పులుసు గొడవ కూడా ఉత్తిదేనా?"

"ఉత్తిదే పిన్నీ. పులుసు బావుంది."

పాస్టరుగారి మొహం వెలిగింది. ఆయన అనుకున్నంత గొప్పగా రాకపోయినా, లైవ్‌లో ఏదో ఒకటి వచ్చింది. ఆమెను ముందుకు పిలిచారు. అత్తగారు వెళ్ళి రొట్టె ముక్క చేతిలోకి తీసుకుంది. తీసుకుని, కోడలు కూడా వస్తుందని వెనక్కి చూసింది. బెంచీ ఖాళీగా ఉంది. తలుపు పక్కన కూర్చున్న నన్ను దాటుకునే ఆ పిల్ల బయటికి వెళ్ళిపోయింది.

అత్తగారు ఆ ముక్క అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి, "ఉండండి అయ్యగారూ" అని నడవ మధ్యలోంచి బయటికొచ్చింది. నేనూ లేచాను.

కోడలు స్కూటర్లు పెట్టే బాదంచెట్టు కింద ఉంది. చేతిలో ఫోను. సంఘంలోనే ఎవరో ఆ లైవ్ ముక్కని అప్పటికే వీళ్ళ పేజీ కింద అతికించేశారు. చానెల్ అమ్మాయి నుంచి ఇంగ్లీషులో చిన్న మెసేజ్ వచ్చింది. మాట తప్పారు కాబట్టి ఫైనల్‌కి రానక్కర్లేదని. కోడలు అది నాకు చూపించింది, అత్తగారికి చూపించలేదు.

"నాకు చెప్పి చెయ్యొచ్చు కదా" అంది ఆమెతో.

"చెప్తే ఒప్పుకుంటావేటి?"

"ఒప్పుకోను."

"మరి?"

"అయినా చెప్పాలి కదా అత్తమ్మా. బల్ల మీది. పాట నాది. మత్లబ్, మీ బల్ల కోసం నా పాట మీరొక్కరే తీసీసారు. శుక్రవారం ఏమన్నారు? వెనక కూర్చుంటాను, నువ్వు పాడు అన్నారు."

"అన్నాను."

"రోజూ అన్ని తిట్లు చదివి నవ్వుతారు. ఇక్కడ ఒక ముసలామె అనగానే లేచీసారు."

"ఆమె అన్నందుక్కాదు. నువ్వు తల దించీసావు."

లోపల కీర్తన మొదలైంది.

"అలవాటైపోయింది" అంది కోడలు.

"అదే మరి. నీ ముందు ఫోను లేదు, పట్టుకోడానికి నీ మొగుడు లేడు. ఎవరి కోసం దించావు?"

"నాకు తెలీదు."

ఇంతా చేసి ఇద్దరూ గొంతులు పెంచలేదు. ఇన్నేళ్ళలో అత్తగారు మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. రెండడుగుల దూరంలో ఉన్నా చెవి రిక్కించాల్సి వచ్చింది. వీడియోల్లో ఇలా తగువులాడుకుని ఉంటే చూసే నాథుడుండడు.

"నీకు చెప్పకుండా చెయ్యడం తప్పే" అంది అత్తగారు.

"ఠీక్ హై. కానీ నాకు కోపం పోలేదు."

"ఎప్పుడు పోతాది?"

"నాకేం తెలుసు."

మెట్ల మీద అలికిడైంది. పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని వస్తున్నారు. వెనక యువజన సంఘం వాళ్ళొకరు ఫోను ఎత్తి పట్టుకుని వస్తున్నారు. కిటికీల్లో సగం సంఘం ఉంది.

"ఆ ఫోను దించు భయ్యా" అంది కోడలు. అది దిగింది.

"మీ ఇద్దరికీ రెండు ముక్కలు ఉంచానమ్మా" అన్నారు పాస్టరుగారు. "రండి."

అత్తగారు పళ్ళెం వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. చెయ్యి చాచితే అందే దూరం. ఊ అంటే చాలు, ఎవరూ కాదనేవారు లేరు.

"ఇప్పుడు కాదు అయ్యగారూ. పట్టుకెళ్ళిపోండి."

"అదేంటమ్మా, ఇందాక మీ మధ్య గొడవే లేదన్నారు కదా."

"ఇందాక లేదు. ఇప్పుడుంది."

"నిజంగానా?"

"నిజంగానే."

పాస్టరుగారు కోడలి వైపు చూశారు. కోడలు తల ఊపింది. నెలరోజులుగా ఫోనులో చూసిన గొడవని సర్దడానికి ప్రసంగమంతా తయారు చేసుకున్న మనిషికి, అసలు గొడవ ఎదురుగా నిలబడేసరికి అందులో ఒక్క వాక్యమూ పనికిరాలేదు. పళ్ళెం మీద గుడ్డ కప్పి లోపలికి వెళ్ళిపోయారు. అత్తగారు ఆ గుడ్డ తలుపు దాటేదాకా చూసింది.

ఆటో ఒకటే దొరికింది. నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. వెనక వాళ్ళిద్దరూ చెరో వైపు బయటికి చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. ఎత్తు దిగాక సముద్రం కనిపించింది.

"వచ్చే నెల బల్ల ఎప్పుడు?" కోడలు అడిగింది, అటే చూస్తూ.

"ఎప్పుడేటి, మొదటి ఆదివారమే."

"అప్పటికి తగ్గుతుందిలెండి."

"తగ్గకపోతే?"

"ఆపై నెల ఉంటాది కదా."

అత్తగారు మధ్యలో ఉన్న చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, కొంచెం కోడలి వైపు జరిగి కూర్చుంది.